మూడో నంబరు కిటికీ

పొద్దున పదకొండుకి
ఇంజినీరింగు సెక్షన్ నుంచి ఒకమ్మాయి వచ్చింది
చేతిలో పసుప్పచ్చ టేపు, చెవి మీద పెన్సిలు.
"మేడం, కొంచెం జరుగుతారా" అంది.
జరిగాను.
ముప్పై ఒక్క ఏళ్లుగా కదలని కుర్చీ.
దాని కాళ్ల కింద షాబాదు బండ
నాలుగు చోట్ల ఇంకా కొత్తగానే ఉంది.

పరీక్షల విభాగపు పాత భవనాన్ని
తరగతి గదులుగా మార్చు ప్రతిపాదన.
ఆ కాగితం నా చేతుల మీదుగానే పోయింది
ఇన్వర్డు నంబరు వేసింది నేనే.
రెండు పేజీలు, ఒక నక్షా జతపరచడమైనది.
పదకొండు గదులు, ఆరొందల అరవై మంది.
నక్షాలో నా బల్ల ఉన్నచోట
నల్లబల్ల అని రాసుంది.
అచ్చుతప్పేమో అనుకున్నాను మొదట.

ఖాజా భాయ్‌కి చదివి వినిపిస్తే
చాయ్ గ్లాసులు కడుగుతూ నవ్విండు.
"మంచిదే గదమ్మా
పిల్లలు రేకుల షెడ్డుల ఉడుకుతున్నరు
మన ఫైళ్లకు చెమట పడ్తదా?"

పట్టదు.
అడిక్‌మెట్ వైపు గాలి స్తంభించిన ఏప్రిల్లో
షెడ్డులోంచి పంతులమ్మ గొంతు
ఫ్యాను రెక్కలకు తెగి ముక్కలుగా వచ్చేది:
ద్రుతం మీది... పరుషాలు... సరళాలగు...
ఇక్కడ మేం కూలరు కోసం
మూడో అర్జీ రాసుకుంటూ ఉండేవాళ్లం.

మూడో నంబరు కిటికీ నాది.
అద్దానికి ఎప్పుడో ఎవరో తెల్లరంగు పూశారు
అడుగున అరచంద్రం కోత ఒక్కటే దారి.
అందుకని నేను చూసినవి చేతులు.
చేతులే.
గోరింటాకు చేతులు, సిరా చేతులు
రాత్రి హోటల్లో ఉల్లిగడ్డలు తరిగి
పొద్దున్నే ఫీజు కట్టొచ్చిన చేతులు.
చిటికెన వేలు లేని చేయి ఒకటి
మూడేళ్లు వరసగా సప్లిమెంటరీ ఫారం తెచ్చింది
నాలుగో ఏడు రాలేదు.
పాసైందో, మానేసిందో
రిజిస్టరు తీస్తే తెలిసేది.
తీయలేదు.

"రేపు రా."
ఆ కోతలోంచి ఎన్నిసార్లు బయటికి తోశానో ఆ మాట!
చలానా మీద సంతకం లేదని
ఫోటో అంచు చినిగిందని
పన్నెండూ యాభై అయిందని.
అటువైపు ఒక నిట్టూర్పు
సిద్దిపేట బస్సు టికెట్టంత పొడుగ్గా.

"ఈ బీరువా స్క్రాపేనా?" అడిగిందా అమ్మాయి.
బూడిదరంగుది, తలుపు కట్టుతీగతో బిగించింది.
ఎవరూ వచ్చి తీసుకెళ్లని మార్కుల మెమోలున్నాయి.
ఒకదాని మీద ఫోటోలో కుర్రాడు
జేబులో దువ్వెన కనిపించేలా నిలబడ్డాడు
వాడికిప్పుడు నా వయసు.
కొలతల్లో వాడిని ఏ గదికి రాసుకుంటారు?
స్క్రాపు కాదన్నాను.
మరేమిటో చెప్పలేకపోయాను.

"సరే, ఈ కిటికీ మూసేయమంటారా, పెద్దది చేయమంటారా?"
అడిగి, పెన్సిలు చెవి మీంచి తీసి ఆగింది.
నాకు తెలిసిన జవాబు ఒకటే:
తగు ఆదేశాలకై సమర్పించడమైనది.

అప్పుడే కోతలోంచి ఒక చేయి.
వానకి తడిసిన చలానా, వణుకుతున్న వేళ్లు.
రేపు అన్న మాట నాలుక కొసకి వచ్చేసింది
అలవాటుది ఏం తప్పు?
లేచాను.
బల్ల చుట్టూ, ఖాజా భాయ్ స్టూలు దాటి
వరండా మలుపు తిరిగి
ఇరవై రెండు అడుగులు.
ఇంత దగ్గరా!

ఒక పొట్టి పిల్ల
బ్యాగు పొట్టకి హత్తుకుని
నడుము సగానికి వంచి ఉంది.
కిటికీ ఎంత కిందికి పెట్టారో
ఆ వీపు చూస్తే తెలిసింది.
నేనూ వంగి చూశాను దాని పక్కన.
లోపల నా కుర్చీ
గోడ వారన మరెవరిదో అన్నట్టుంది
పసుప్పచ్చ టేపు నేల మీద పాకుతోంది.

పిల్ల నా వైపు తిరిగింది.
"లైన్ల మీరు నా ఎనకనేనా ఆంటీ?
సీట్ల ఎవ్వరు లేరు."